రచయితల చదువు, రాత అలవాట్లు: తెలుగు నేలపై ఒక చారిత్రక పరిశీలన

ఈ పాఠం చదవబోతున్న మీలో చాలామంది పగలంతా పనిచేసి రాత్రిపూట పుస్తకం తెరిచేవారే. అంగన్‌వాడీ టీచర్లు, బస్సు కండక్టర్లు, దుకాణాల్లో పద్దులు రాసేవారు, పిల్లలు నిద్రపోయాక చదువుకునే తల్లులు మన తరగతుల్లో ఎక్కువ. ఆదివారం కౌన్సెలింగ్ తరగతుల్లో మీవంటివారు నన్ను తరచుగా అడిగిన ప్రశ్న ఒకటుంది. "సార్, నాకు రాయాలని ఉంది. రోజుకు ఎన్ని గంటలు చదవాలి? ఎన్ని పేజీలు రాయాలి?" చాలాకాలం నేను ఏదో ఒక అంకె చెప్పి పంపేవాణ్ణి. రెండు గంటలు అనేవాణ్ణి, ఒక పేజీ అనేవాణ్ణి. ఆ అంకె నాకు ఎక్కడ దొరికిందో నాకే తెలియదు.

చరిత్ర పాఠం చెప్పేవాడు అలా అనకూడదు. మనకంటే ముందు రాసినవాళ్లు దేనిమీద రాశారు, ఎవరి పుస్తకం అడిగి తెచ్చుకున్నారు, చదివినదాన్ని ఏం చేసుకున్నారు అన్నవి ముందు అడగాలి. అలవాటు అన్నది మనిషి గుణం మాత్రమే కాదు. దాని వెనక కాగితం ధర ఉంటుంది, దీపం ఉంటుంది, ఊళ్లో గ్రంథాలయం ఉందా లేదా అన్న విషయం ఉంటుంది. ఈ పాఠంలో ఆ కోణం నుంచి కొందరిని చూద్దాం. అందరినీ చూడటం సాధ్యం కాదు. నాకు ఇష్టమైనవారి దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, అది మీరు గమనించే ఉంటారు కాబట్టి ముందే ఒప్పుకుంటున్నాను.

తాటాకు కాలం

అచ్చు రాకముందు రాయడం అంటే ఒళ్లు నొప్పించుకునే పని. తాటాకులను ఉడికించి, ఆరబెట్టి, ఒకే కొలతకు కోసి పెట్టుకోవాలి. ఎడమచేత ఆకు పట్టుకుని కుడిచేత గంటంతో అక్షరాలను గీయాలి. గీసిన గీతలు కంటికి ఆనవు. దీపపు మసిని ఆకుపసరుతోనో నూనెతోనో కలిపి రుద్దితే అప్పుడు అక్షరం నల్లగా పైకి తేలుతుంది. తప్పు పడితే చెరిపే వీలు లేదు. మాటకూ మాటకూ మధ్య ఖాళీ వదిలేవారు కాదు, పద్యపాదాలను విడదీసేవారు కాదు. కనుక ఛందస్సు తెలిసినవాడు పైకి చదువుకుంటేనే పద్యం ఎక్కడ విరుగుతుందో తెలిసేది. ప్రతి రాసినవారు చివర్లో నడుము నొప్పి, మెడ నొప్పి, కళ్ల మంట చెప్పుకుని, ఇంత కష్టపడి రాసిన పుస్తకాన్ని జాగ్రత్తగా కాపాడమని వేడుకోవడం ఒక ఆనవాయితీగా ఉండేది. ప్రాచ్యలిఖిత గ్రంథాలయాల్లో ఆ ఆకులు తిరగేసినవారికి ఇది పరిచయమే.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఏమిటంటే, ఒక కావ్యం కావాలంటే దాన్ని ఎత్తి రాసుకోవాల్సిందే. ఎత్తి రాసేవాడు ఒక్క అక్షరం కూడా దాటవేయలేడు. చదవడం, రాయడం అనేవి రెండు పనులుగా విడిపోని కాలం అది. అయితే ఆ కాలాన్ని చూసి మురిసిపోవలసిన పని లేదు. గంటం పట్టే అవకాశం కొద్ది కులాలకే, అందులోనూ మగవారికే ఎక్కువగా ఉండేది. మిగిలినవారి చదువు చెవిద్వారా సాగింది. పురాణ కాలక్షేపం, హరికథ, యక్షగానం, జంగం కథ వారి గ్రంథాలయం. మొల్ల తన రామాయణంలో తాను పెద్ద శాస్త్రాలేమీ చదువుకోలేదని చెప్పుకుంది. అది వినయమే కావచ్చు. కానీ విని నేర్చినవారు కూడా కావ్యం రాయగలరనడానికి ఆమె పేరు చాలు.

ఈ తాటాకుల లోకంలోకి ఒక ఇంగ్లీషు ఉద్యోగి వచ్చాడు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1817లో మద్రాసు చేరి, 1820లో కడపలో ఉద్యోగంలో ప్రవేశించాడు. తర్వాత కడపలో ఒక బంగళా కొని అక్కడ పండితులను, లేఖకులను పెట్టుకుని పనిచేయించాడు. ఆయన పద్ధతిని రాయాలనుకునేవారు తప్పక తెలుసుకోవాలి. ఒక కావ్యానికి దొరికినన్ని తాళపత్ర ప్రతులు తెప్పించేవాడు. వాటిని పక్కపక్కన పెట్టి పాఠభేదాలు గుర్తించి, కాగితంమీద శుద్ధప్రతి రాయించేవాడు. ఒకే పద్యాన్ని నాలుగు ప్రతుల్లో చూసినవాడికి ఒక్క మాట మారితే ఏమవుతుందో తెలుస్తుంది. 1829లో ఆయన వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేశాడు. 1852లో వెలువడిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు కూడా ఇలాంటి చదువులోంచి పుట్టినదే. లేఖకుల జీతాలకూ ప్రతుల కొనుగోలుకూ సొంత డబ్బు పెట్టి అప్పులపాలయ్యాడు. ఆయన పాలకుల మనిషి అన్నది మరిచిపోనక్కరలేదు, ఆ పద్ధతి మాత్రం మనకు పనికొస్తుంది.

అచ్చు, గడువు

అచ్చుయంత్రం వచ్చాక రాత అలవాటు మారింది. కందుకూరి వీరేశలింగం (1848–1919) 1874లో 'వివేకవర్ధని' ప్రారంభించారు. పత్రిక పెట్టినవాడికి మనసు బాగున్నప్పుడు రాద్దాం అనే సౌకర్యం ఉండదు. సంచిక తేదీ వస్తుంది, కంపోజిటరు ఖాళీగా కూర్చుంటాడు. 'రాజశేఖర చరిత్రము' మొదట ఆ పత్రికలో భాగాలుగా వచ్చి, 1880లో పుస్తకమైంది. వ్యాసం, ప్రహసనం, నవల, స్వీయచరిత్ర అని ఆయన అన్ని ప్రక్రియల్లో చేయిపెట్టడానికి ప్రతిభతో పాటు ఈ గడువు కూడా ఒక కారణమని నా అభిప్రాయం. అచ్చుకోసం రాసే తొందర భాషకు కొంత నష్టం కూడా చేస్తుంది, ఆ చర్చ మరో పాఠంలో వస్తుంది.

రాజమండ్రి వారే అయిన చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి సంగతి వేరు. చిన్నప్పటినుంచీ చూపు తక్కువ, తర్వాత పూర్తిగా పోయింది. ఇతరులు చదివి వినిపిస్తే వినేవారు, తాను చెబుతుంటే మరొకరు రాసేవారు. కళ్లు బాగున్నా చదవడానికి తీరిక లేదని మనం అంటున్నప్పుడు ఆయన పేరు గుర్తుకు తెచ్చుకుంటే కొంచెం సిగ్గేస్తుంది. నాకైతే వేసింది.

భండారు అచ్చమాంబ గురించి మాత్రం కొంచెం నిదానంగా చదవండి. ఆమె 1874లో పుట్టారు. పదేళ్ల వయసులో పెళ్లయింది. బడికి వెళ్లలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు ఆమె దగ్గరే ఉండి చదువుకున్నాడు. తమ్ముడు చదువుతుంటే ఆమె కూడా పక్కన కూర్చుని నేర్చుకున్నారు. తెలుగు, హిందీ ఆ తీరుగా వచ్చాయి. ఇంటిపని ముగించుకుని, ఇంకొకరి పాఠం దగ్గర కూర్చుని నేర్చిన చదువు అది. అయినా 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' వెలువరించారు. తెలుగులో ఒక స్త్రీ రాసిన మొదటి స్త్రీల చరిత్ర గ్రంథం అది. మరుసటి ఏడాది 'ధనత్రయోదశి' అనే కథ రాశారు. గురజాడ 'దిద్దుబాటు' 1910 నాటిది కనుక తొలి తెలుగు కథ ఎవరిదన్న చర్చలో ఆమె పేరు ముందుకు వచ్చింది. 1905లో, ముప్పై ఏళ్లకే ఆమె కన్నుమూశారు.

ఆమె చదివిన తీరులో ఒక విశేషం ఉంది. ఆడవారు చదువుకు తగరు అన్న వాదన ఆ రోజుల్లో గట్టిగా వినబడేది. అది నిజమా అన్న ప్రశ్నతో ఆమె పుస్తకాలు వెతికారు. చరిత్రలో పేరున్న స్త్రీల జీవితాలు ఏరి, ఒక్కొక్కటిగా రాశారు. అంటే ముందు ప్రశ్న పుట్టింది, పుస్తకాల వెదుకులాట దాని వెనక వచ్చింది. మనలో చాలామంది తిరగేసి చేస్తాం. దొరికిందల్లా చదివి, ఏం రాయాలా అని తర్వాత ఆలోచిస్తాం.

పుస్తకం ఊరికి వచ్చిన రోజులు

తమ్ముడు లక్ష్మణరావు మునగాల సంస్థానంలో పనిచేస్తూ, మరికొందరితో కలిసి 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం స్థాపనలో పాల్గొన్నారు. రావిచెట్టు రంగారావుగారి ఇంట్లో అది మొదలైంది. రాజభాష ఉర్దూగా ఉన్న నగరంలో తెలుగు పుస్తకం చదువుకోవడానికి ఒక చోటు ఏర్పడటం చిన్న విషయం కాదు. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వచ్చింది. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి ఏర్పడి చరిత్ర, శాస్త్ర విషయాలపై తెలుగులో పుస్తకాలు వేయడం మొదలుపెట్టింది. చదివేవారికి చోటు, చదవడానికి పుస్తకం రెండూ దాదాపు ఒకే మనుషుల చేతులమీదుగా వచ్చాయి.

కోస్తాలో 1914లో బెజవాడలో జరిగిన మొదటి గ్రంథాలయ మహాసభకు చిలకమర్తివారే అధ్యక్షులు. చూపులేని మనిషి గ్రంథాలయ సభకు అధ్యక్షత వహించాడన్న మాట! అయ్యంకి వెంకటరమణయ్య ఆ ఉద్యమానికే జీవితమంతా ఇచ్చారు. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం మొదలైంది. పాత పత్రికల కోసం ఇప్పటికీ పరిశోధకులు అక్కడికి వెళ్తుంటారు, నేనూ వెళ్లాను. 1935లో కృష్ణా డెల్టా కాలువలమీద పడవలో పుస్తకాలు పెట్టుకుని ఊరూరా అందించే గ్రంథాలయం కూడా నడిచింది. పాతూరి నాగభూషణంగారి పేరు దానితో ముడిపడి ఉంది.

ఈ ఉద్యమాన్ని మన పుస్తకాల్లో జాతీయోద్యమంలో ఒక చిన్న అధ్యాయంగా చెప్పి వదిలేస్తారు. రచయితల వైపునుంచి చూస్తే అది పెద్ద సంగతి. పుస్తకం కొనలేనివాడు పాఠకుడయ్యాడు, పాఠకుల్లో కొందరు రచయితలయ్యారు. వారిలో నాకు అందరికంటే ఇష్టమైనవారు వట్టికోట ఆళ్వారుస్వామి.

ఆయన 1915లో నల్లగొండ జిల్లాలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. ఒక ఉపాధ్యాయుడి ఇంట్లో వంట చేసిపెడుతూ చదువు నేర్చుకున్నారు. విజయవాడలో హోటలు సర్వరుగా పనిచేశారు. హైదరాబాదు వచ్చి 'గోలకొండ పత్రిక'లో ప్రూఫులు దిద్దారు. ప్రూఫులు దిద్దేవాడి చదువు తాటాకు లేఖకుడి చదువులాంటిదే. ఒక్క ఒత్తు, ఒక్క దీర్ఘం కూడా జారిపోకూడదు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల ప్రారంభించి పుస్తకాలు వేయడమే కాక, వాటిని సంచిలో వేసుకుని ఊళ్లు తిరిగి అమ్మారు. ఏ ఊళ్లో ఎవరు ఏ పుస్తకం అడుగుతారో, ధర విని ఎవరు వెనక్కి పెడతారో తెలిసిన రచయిత ఆయన. తర్వాత జైలుకు వెళ్లారు. 'జైలు లోపల' కథలు అక్కడి మనుషులను చూసి రాసినవి. 'ప్రజల మనిషి' నవల చదివితే ఆ తిరుగుళ్లన్నీ అందులో ఎలా పనికొచ్చాయో మీకే తెలుస్తుంది. నిజామాబాదు జైల్లో ఆయనతో పాటు దాశరథి కృష్ణమాచార్య కూడా ఉన్నారు. కాగితం, కలం లేకపోతే దాశరథి బొగ్గుతో గోడమీద పద్యాలు రాశారు. తర్వాత తన 'అగ్నిధార'ను ఆళ్వారుస్వామికే అంకితమిచ్చారు.

ఆళ్వారుస్వామి రోజుకు ఎన్ని పేజీలు రాశారన్నది నాకు ముఖ్యంగా తోచదు. వంటింట్లో, హోటల్లో, అచ్చాఫీసులో, దారిలో, జైల్లో, ఎక్కడ ఉంటే అక్కడి పనిలోంచే ఆయన చదువు దొరికింది. పని వేరు, సాహిత్యం వేరు అని ఆయన గీత గీసుకోలేదు. మీ ఉద్యోగం మీ రాతకు అడ్డమని మీరు అనుకుంటున్నట్లయితే ఆయన జీవితాన్ని మరొకసారి చదవండి.

పదిహేడేళ్ల నాటకం

ఇప్పుడు తిరగరాయడం సంగతి. 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో ప్రదర్శితమైంది. ప్రజలు మెచ్చారు. 1897లో అచ్చయింది. అక్కడితో ఆగినా గురజాడ అప్పారావు పేరు నిలిచేది. ఆయన ఆగలేదు. 1909లో రెండో కూర్పు తెచ్చారు. దాన్ని సవరించిన ముద్రణ అనడం కంటే దాదాపు కొత్త నాటకం అనడమే సబబు. మొదటిది ఐదు అంకాలు, రెండోది ఏడు. మొదటి దానిలో చిన్న పాత్రగా ఉన్న మధురవాణి రెండోదానిలో నాటకాన్ని నడిపించే మనిషిగా ఎదిగింది. సంస్కరణకోసం రాసిన నాటకం మనుషుల నాటకంగా మారింది. మొదటి ప్రదర్శన నుంచి లెక్కిస్తే పదిహేడేళ్లు.

ఆయన మొదట ఇంగ్లీషులో కవిత్వం రాసినవారని, కలకత్తాలోని శంభుచంద్ర ముఖర్జీ ఆ కావ్యాన్ని మెచ్చుకుంటూనే మాతృభాషలో రాయమని సలహా ఇచ్చారని మీరు చదివే ఉంటారు. డైరీలు, ఉత్తరాలు చాలావరకు ఇంగ్లీషులోనే రాసుకున్నారు. ఆరోగ్యం అంతంతమాత్రం. సంస్థానంలో కొలువు, శాసనాల పరిశీలన, కాలేజీ పాఠాలు ఉండనే ఉన్నాయి. వీటిమధ్య ఆయన చెవి మాత్రం విజయనగరం వీధుల్లోనే ఉంది. గిరీశం మాట, బుచ్చమ్మ మాట, అగ్నిహోత్రావధాన్లు మాట వేర్వేరుగా వినిపిస్తాయంటే ఆ చెవే కారణం. పుస్తకాల్లో ఆ భాష లేదు, వినవలసిందే. తర్వాతి తరంలో శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి కూడా గోదావరి జిల్లా ఇళ్లలో ఆడవారి మాటతీరును ఇలాగే చెవినబెట్టి కథల్లోకి తెచ్చారు.

ప్రశ్నతో చదివినవాడు

సురవరం ప్రతాపరెడ్డి (1896–1953) గురించి చెప్పకుండా చరిత్ర విద్యార్థులకు ఈ పాఠం ముగించలేను. తెలంగాణలో కవులు లేరన్న మాట ఒకటి అచ్చులో వచ్చింది. ఆయన కోపంతో ఒక సంపాదకీయం రాసి ఊరుకోలేదు. ఊరూరికీ ఉత్తరాలు వెళ్లాయి, పద్యాలు వచ్చాయి. 1934లో వెలువడిన 'గోలకొండ కవుల సంచిక'లో 354 మంది ఉన్నారు. వారిలో ఎక్కువమంది పేర్లు అచ్చుకు కొత్త. ఎవరూ చూడకపోయినా పల్లెల్లో కూర్చుని రాస్తూ వచ్చినవారు వాళ్లు.

1949లో వచ్చిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' దీనికంటే పెద్ద పాఠం. రాజుల యుద్ధాలు కాదు, జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు అన్నది ఆయన ప్రశ్న. దానికి ఆధారాలు ఎక్కడ? అందరూ రసంకోసం చదివే కావ్యాల్లోనే ఆయన వెతికారు. పాల్కురికి సోమనాథుడి రచనలు, క్రీడాభిరామం, ఆముక్తమాల్యద, శుకసప్తతి, హంసవింశతి వంటివాటినుంచి వంటకాలు, నగలు, సంతలు, పందేలు, తిట్లు ఏరుకున్నారు. నిఘంటువులో అర్థం దొరకని మాటలకు జనంలో అర్థం వెతికారు. సాహిత్య అకాడమీ తెలుగులో ఇచ్చిన మొదటి బహుమతి, 1955లో, ఈ పుస్తకానికే. అప్పటికి ఆయన లేరు.

అదే ఆముక్తమాల్యదను మేమూ ఎం.ఏ.లో చదివాం. పరీక్షకు చదివాం. అందులో వానాకాలపు వంటింటి పొగ ఉందని నాకు తర్వాత పదేళ్లకు గానీ కనబడలేదు.

అసైన్‌మెంట్ల కట్ట

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. ఒక అధ్యయన కేంద్రంలో నేను అసైన్‌మెంట్లు దిద్దేవాణ్ణి. అరవై పత్రాలుంటే యాభైలో ఒకే వాక్యాలుండేవి. మార్కెట్లో దొరికే గైడునుంచి ఎత్తి రాసినవి. తాటాకు లేఖకుడు కూడా ఎత్తే రాశాడు, కానీ అతడు చదువుతూ రాశాడు. ఇవి చదవకుండా రాసినవి. ఒకచోట గైడులోని అచ్చుతప్పు కూడా యాభై పత్రాల్లో తప్పకుండా ఉంది. దిద్దీ దిద్దీ నాకూ ఒక దురలవాటు పట్టుకుంది. గైడులోని వరుస కనబడితే మార్కులు వేయడం, కనబడకపోతే తగ్గించడం.

ఒకసారి గ్రామీణ మార్పులమీద అడిగిన ప్రశ్నకు ఒక కండక్టరు ఒకటిన్నర పేజీ రాశాడు. తన రూటులో పదేళ్లలో ఏ స్టేజీ దగ్గర ఎక్కేవారు తగ్గారు, ఎక్కడ పెరిగారు, పొద్దున్న మొదటి ట్రిప్పులో కూలీకి పోయే ఆడవాళ్లు ఏ ఊరినుంచి ఏ ఊరికి పోతున్నారు అన్నది రాశాడు. పాఠంలోని మాటలు ఒకటి రెండే ఉన్నాయి. పదికి నాలుగు వేశాను. ఆయన తర్వాతి ఆదివారం వచ్చి, "టికెట్ల లెక్క రాసుకునే కాగితాల వెనక ఏళ్లతరబడి రాసుకున్నాను సార్, తప్పుంటే చెప్పండి" అన్నాడు. పాయింట్లు సరిగా లేవని చెప్పాను. రాత్రి ఇంటికి వెళ్లి ఆ పత్రం మళ్లీ చదివితే సిగ్గుతో నిద్రపట్టలేదు. అప్పటికే మార్కుల జాబితా పంపేశాను. ఆ తర్వాత ఆయన మా కేంద్రానికి రాలేదు. ఆ కాగితాలు ఇంకా ఎక్కడైనా ఉన్నాయో, ఏ బస్టాండులో పారేశాడో తెలియదు. ఒక ప్రాంతపు సాంఘిక చరిత్రకు పనికొచ్చే సామగ్రి అది.

ఆ రోజు తర్వాత ఎన్ని పేజీలు రాయాలని అడిగినవారికి అంకె చెప్పడం మానేశాను. మీ పనిలో మీకు తప్ప ఇంకెవరికీ కనబడనిది ఏముందో, దాన్ని ఏ కాగితంమీదనైనా రాసుకుంటున్నారా అని అడుగుతున్నాను.

మీరు చేయవలసిన పని

ఈ పాఠానికి అసైన్‌మెంటు ప్రశ్న ఒక్కటే. 'కన్యాశుల్కం' రెండు కూర్పులూ అచ్చులో దొరుకుతాయి. మీ దగ్గరలోని శాఖా గ్రంథాలయంలో అడగండి, లేకపోతే జిల్లా కేంద్ర గ్రంథాలయంలో అడగండి. మొదటి రంగాన్ని రెండింటిలోనూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. బ్రౌన్ ప్రతులను చూసినట్టు చూడండి. రెండోసారి గురజాడ ఏ మాట తీసేశారో, ఏ మాట కొత్తగా చేర్చారో కాగితంమీద రెండు వరుసల్లో రాసుకోండి. తర్వాత, మీరు పనిచేసే చోట నిన్న విన్న ఒక సంభాషణను ఉన్నదున్నట్టు పది వాక్యాల్లో రాసి, వారం రోజులు పక్కన పెట్టి, మళ్లీ రాయండి. రెండు ప్రతులూ జతచేసి పంపండి. కొట్టివేతలు ఉన్నందుకు మార్కులు తగ్గించవద్దని దిద్దేవారికి విడిగా సూచన ఇచ్చాం. అట్టమీద మీ పేరు, నమోదు సంఖ్యతో పాటు మీరు చేసే పని ఏమిటో కూడా రాయండి.